ఒంటెకు తాడు, సైకిలుకు తాళం

మొన్న ఒక జుమా రోజున నమాజు అయ్యాక నేను మస్జిదు గోడ పక్కన వంగి సైకిలు గొలుసు తాళం తీసుకుంటున్నాను. ఒక కాలేజీ కుర్రవాడు దగ్గరకు వచ్చి సలాం చెప్పి నిలబడ్డాడు. అతని గేర్ల సైకిలు పక్కనే ఉంది, దానికి తాళం లేదు. మర్యాదగానే అడిగాడు: "చాచా, అల్లాహ్ గృహానికి వచ్చి కూడా సైకిలుకు తాళం వేసుకుంటున్నామంటే ఆయన మీద నమ్మకం లేనట్టే కదా? పైగా లోపల భుజానికి భుజం ఆనించి నిలబడినవాళ్ళనే దొంగలని అనుమానించినట్టు కాదా?"

ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు మనలో చాలామందికి తెలిసిందే. రెండోదానికి నాకు జవాబు తెలియడానికి మాత్రం ఒక సైకిలు పోవలసి వచ్చింది. అది నా సైకిలు కూడా కాదు.

మొదటిది చూద్దాం. తిర్మిజీ గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటుంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి, ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని అడిగాడు. ముందు కట్టేయమని, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని ఆయన చెప్పారు. మన ఉపన్యాసాల్లో ఈ హదీసు ఎన్నిసార్లు వింటామో లెక్క లేదు. అయితే దీన్ని చెప్పేవారు తరచూ సగం దగ్గరే ఆగిపోతారు. కట్టేయమన్నారు కాబట్టి జాగ్రత్త పడాలని చెప్పి ముగిస్తారు. కట్టేసిన తర్వాత కూడా భారం వేయమన్న మాట అందులో ఉంది. ఎందుకంటే తాడు తెగవచ్చు, ముడి జారవచ్చు, కొయ్య ఊడిరావచ్చు. తాడు చేయగలిగింది తాడు చేస్తుంది. తాడు చేయలేనిది ఎప్పుడూ మిగిలే ఉంటుంది. తవక్కుల్‌కు చోటు అక్కడ ఉంది. తాడే లేనిచోట మనం తవక్కుల్ అని పిలుచుకునేది చాలాసార్లు బద్ధకమే.

హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారులను ఈజిప్టుకు పంపేటప్పుడు అందరూ ఒకే ద్వారం గుండా వెళ్ళవద్దని, వేరువేరు ద్వారాల గుండా ప్రవేశించమని చెప్పారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయం నుంచి తాను వారిని తప్పించలేనని కూడా చెప్పారు. యూసుఫ్ సూరాలో ఈ ప్రస్తావన ఉంది. జాగ్రత్త చెప్పిన నోరే నిస్సహాయతనూ ఒప్పుకుంది. రాత్రిపూట దైవనామం స్మరించి తలుపులు మూయమని, పాత్రల మీద మూతలు పెట్టమని, దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో జాబిర్ (రజి) ద్వారా ఈ హదీసు వచ్చింది. తలుపు మూయడం, బిస్మిల్లాహ్ అనడం రెండూ ఒక్క పనిలోనే ఉన్నాయి. సైకిలుకు తాళం వేస్తూ బిస్మిల్లాహ్ అనేవారిని నేను ఒకరిద్దరిని చూశాను. మంచి అలవాటు.

ఇక నా సంగతి. 1996లో నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా వీధిలో ఒక దర్జీ చాచా ఉండేవారు. బజారులోని బట్టల దుకాణం నుంచి కత్తిరించిన ముక్కలు సైకిలు క్యారేజీ మీద తెచ్చుకుని, కుట్టి, మళ్ళీ దాని మీదే తీసుకెళ్ళి అప్పగించేవారు. సైకిలు లేకపోతే ఆయనకు రెండు నడకలు, సగం కూలి. ఒక శుక్రవారం పోస్టాఫీసులో పని ఉందని ఆయన సైకిలు అడిగి తీసుకున్నాను. తిరిగి వచ్చేసరికి మస్జిదులో ఖుత్బా మొదలైంది. గోడకు ఆనించి, తాళంచెవి జేబులో ఉండగానే, లోపలికి పరుగెత్తాను. తాళం వేయడానికి ఎంతసేపు పడుతుంది? వంగి, చెవి తిప్పి, లేవడమే. ఆ కాస్త సమయం నాకు ఖుత్బాలో మిగిలింది. సైకిలు మాత్రం మిగల్లేదు.

మౌల్వీసాబ్ దగ్గరకు వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాను. ఆయన మందలించకముందే, "అల్లాహ్ రాసిపెట్టింది మౌల్వీసాబ్, ఏం చేస్తాం" అన్నాను. ఆయన నా వైపు కొంచెంసేపు చూశారు. "రాత అనే మాట ఆ దర్జీ భాయ్ అనుకోవాలి బేటా. నువ్వు అనకూడదు" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు కటువుగా తోచింది. తర్వాత ఆలోచించగా అర్థమైంది. పోగొట్టుకున్నవాడు విధిరాత అనుకుంటే అది సహనం. పోగొట్టినవాడు అదే మాట అంటే అది తప్పించుకోవడం. మాట ఒక్కటే, దాన్ని ఎవరు పలికారన్నదాన్నిబట్టి పుణ్యమో పాపమో అవుతుంది.

అరువు తెచ్చుకున్న వస్తువు గురించి మన ధర్మశాస్త్రంలో వివరంగా చర్చ ఉంది. హిజ్రీ 8లో హునైన్ యుద్ధానికి బయలుదేరే ముందు దైవప్రవక్త (స) మక్కా నాయకుల్లో ఒకరైన సఫ్వాన్ బిన్ ఉమయ్యా దగ్గర కవచాలు అడిగారు. సఫ్వాన్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. బలవంతంగా తీసుకుంటున్నారా అని ఆయన సందేహపడ్డారు. కాదు, తిరిగి ఇచ్చే పూచీతో అరువుగానే అని ప్రవక్త (స) స్పష్టం చేశారు. యుద్ధం ముగిశాక కొన్ని కవచాలు తగ్గాయి. వాటికి బదులు చెల్లిస్తామన్నారు. సఫ్వాన్ వద్దన్నారు. అప్పటికి ఆయన మనసు మారింది. గెలిచిన సేనాని, ఓడిపోయిన పట్టణవాసి దగ్గర అరువు తీసుకుని లెక్క అప్పజెప్పడం అన్నది ఆ కాలంలో చిన్న విషయం కాదు.

అరువు వస్తువు ఎలా పోయినా తీసుకున్నవాడే చెల్లించాలని ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ అభిప్రాయం. హనఫీ పండితుల దృష్టిలో అది అమానతు. తన నిర్లక్ష్యం లేకుండా పోతే తీసుకున్నవాడిపై భారం ఉండదు, నిర్లక్ష్యం ఉంటే చెల్లించాలి. మన ప్రాంతంలో అధికులు హనఫీలే. నా జేబులోని తాళంచెవి నా నిర్లక్ష్యానికి సాక్ష్యంగా ఉంది. ఏ మజ్‌హబ్‌లోనూ నాకు దారి దొరకలేదు. పాత సైకిలు కాబట్టి 700 రూపాయలు చాలని దర్జీ చాచా అన్నారు. ట్యూషన్లు చెప్పి నెలకు 50 చొప్పున 14 నెలలు కట్టాను. ఆ 14 నెలలూ ఆయన వేరేవాళ్ళ సైకిలు కోసం వాళ్ళ గుమ్మాల ముందు నిలబడటం నేను చూస్తూనే ఉన్నాను. నేను చెల్లించింది సైకిలు ఖరీదే. ఆ నిలబడటానికి ఖరీదు ఎవరూ కట్టలేదు.

అందుకే తాళం సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మత పత్రికలో ఇదేమిటని కొందరు అనుకోవచ్చు. ఒంటెను ఎలా కట్టాలో అరబ్బులకు ఎవరూ నేర్పనక్కరలేదు. సైకిలును ఎలా కట్టాలో మనలో చాలామందికి తెలియదు.

మన పాత నల్ల సైకిళ్ళకు సీటు కింద వెనక చక్రానికి బిగించి వచ్చే గుండ్రటి తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిలును ఎత్తి భుజాన వేసుకునేవాడిని, ట్రాలీ ఆటోలో పడేసేవాడిని అది ఆపలేదు. సైకిలును కదలని వస్తువుకు కట్టాలి. నేలలో పాతిన ఇనుప స్తంభమో, కిటికీ ఊచో, కాంక్రీటులో దిగిన గేటో కావాలి. సైకిలుతోపాటు పైకి ఎత్తి తీసేయగల పొట్టి గుంజ పనికిరాదు. గొలుసును ఫ్రేము లోపలి నుంచి, వెనక చక్రం లోపలి నుంచి కూడా తీసి ఆ స్తంభానికి చుట్టాలి. ముందు చక్రానికి మాత్రమే తాళం వేసి వెళితే, తిరిగి వచ్చేసరికి ఆ చక్రం ఒక్కటే అక్కడ ఉండవచ్చు. కొత్త గేర్ల సైకిళ్ళలో చక్రాన్ని పానా లేకుండా చేత్తోనే విప్పే మీట ఉంటోంది, సీటుకూ ఉంటోంది. కంపెనీ మన సౌకర్యం కోసం పెట్టినా దొంగకూ అది సౌకర్యమే.

అంకెలు తిప్పే సన్నని తీగ తాళాలు చూడటానికి బాగుంటాయి. ప్లాస్టిక్ తొడుగు కింద ఉన్నది సన్నని తీగల పేట మాత్రమే. మంచి కటింగ్ ప్లేయరు ముందు అది ఎంతోసేపు నిలవదు. గట్టి ఉక్కుతో చేసిన, గుర్రపు నాడా ఆకారంలోని యు తాళం మేలు. దాని లోపల ఖాళీ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఖాళీ ఉంటే గడ్డపార దూర్చి మెలితిప్పడానికి చోటు ఇచ్చినట్టే. తాళం నేలకు ఆని ఉండకూడదు. నేల మీద ఉన్న తాళాన్ని సుత్తితో కొట్టడం తేలిక. గాలిలో వేలాడేదాన్ని కొట్టడం కష్టం. ఏ తాళమూ తెగనిది కాదు. తాళం పని దొంగకు ఆలస్యం చేయడం, అతని చప్పుడు నలుగురికీ వినబడేలా చేయడం. అందువల్ల సందు చివర చీకట్లో కంటే జనం తిరిగేచోట నిలపడం మంచిది.

పెడళ్ళ ఇరుసు ఉండే చోట, ఫ్రేము అడుగున, చాలా సైకిళ్ళకు ఒక నంబరు కొట్టి ఉంటుంది. కొన్నింటికి సీటు కింది గొట్టం మీద ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకోండి, బిల్లు దాచుకోండి, ఒక ఫోటో తీసిపెట్టుకోండి. పోయిన సైకిలు ఎక్కడైనా దొరికితే అది మీదని చెప్పడానికి మీ దగ్గర ఇంకేం ఉంటుంది? నల్ల సైకిళ్ళన్నీ ఒకేలా ఉంటాయి.

మస్జిదు కమిటీలు తలచుకుంటే వుజూ చేసే చోటుకు పెట్టే ఖర్చులో ఒక చిన్న భాగంతో ఆవరణలో రెండు ఇనుప పైపులు కాంక్రీటులో దింపించవచ్చు. అవి లేనిచోట ఇద్దరు మిత్రులు తమ సైకిళ్ళను ఎదురెదురుగా నిలిపి ఒకే గొలుసుతో కలిపి కట్టుకోవచ్చు. జంటగా ఉన్న సైకిళ్ళను ఎత్తుకుపోవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

"మా తాతగారి కాలంలో ఎవరూ తాళాలు వేసేవారు కాదు, ఇప్పుడు ఈమాన్ తగ్గింది" అనే పెద్దలున్నారు. వారి బాధ అర్థం కానిది కాదు. కానీ ఒక ఉదాహరణ వినండి. తప్పిపోయిన ఒంటె కనిపిస్తే దాన్ని పట్టుకోవద్దని, దానికి నడిచే కాళ్ళు, నీళ్ళు దాచుకునే కడుపు ఉన్నాయని, యజమాని వచ్చేదాకా వదిలేయమని దైవప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో అలాంటి ఒంటెలను ఎవరూ ముట్టుకునేవారు కాదని, అవి పిల్లలను కూడా ఈనేవని ఇమామ్ మాలిక్ 'ముఅత్తా'లో ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలం వచ్చేసరికి వాటిని పట్టించి, ప్రకటన చేయించి, అమ్మించి, యజమాని వస్తే ఆ సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేశారు. ఈ రెండు కాలాల మధ్య గడిచింది కొన్నేళ్ళే. ఇద్దరూ సన్మార్గగాములైన ఖలీఫాలే. ఒంటెలను పట్టించినందుకు హజ్రత్ ఉస్మాన్ (రజి) తన ప్రజలను అవమానించారని ఎవరూ అనలేదు. రాజ్యం పెరిగింది, కొత్త జనం వచ్చారు, సొమ్ము కాపాడే పద్ధతి మారింది.

తాళం వేయనివాడిదే తప్పా మరి? పోలీసు స్టేషనుకు వెళ్ళినా, ఇంటికి వెళ్ళినా మొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే: "తాళం ఎందుకు వేయలేదు?" ఇక్కడ మన పండితులు చేసిన విభజన చాలా సూక్ష్మమైనది. దొంగతనానికి ఖుర్ఆన్ చెప్పిన శిక్ష వర్తించాలంటే సొమ్ము రక్షణలో ఉండాలి. దాన్ని హిర్జ్ అంటారు. ఇల్లు, దుకాణం వంటి చోటు ఒక రక్షణ, దగ్గర ఉన్న మనిషి ఒక రక్షణ. ఇక్కడ మళ్ళీ ఆ సఫ్వానే కనిపిస్తారు. ఇస్లాం స్వీకరించాక ఒకరోజు ఆయన మస్జిదులో తన దుప్పటి తల కింద పెట్టుకుని నిద్రపోయారు. ఒకడు దాన్ని లాగి తీసుకుపోతూ పట్టుబడ్డాడు. మస్జిదు అందరూ వచ్చిపోయే చోటే అయినా తల కింద ఉన్నది రక్షణలో ఉన్నట్టే లెక్కకు వచ్చింది. శిక్ష విధించేసరికి సఫ్వాన్ మనసు కరిగి, దుప్పటి అతనికే ఇచ్చేస్తానన్నారు. ఆ పని తన దగ్గరకు తీసుకురాకముందే చేసి ఉండవలసిందని ప్రవక్త (స) అన్నారు.

రక్షణ లేని సొమ్ము తీసినవాడికి ఆ కఠినశిక్ష ఉండదు. కానీ గమనించండి, శిక్ష తగ్గింది గాని పాపం తగ్గలేదు. సొమ్ము తిరిగి ఇవ్వాలి, న్యాయమూర్తి తగిన దండన విధించవచ్చు, అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. నా అజాగ్రత్త నా ఖాతాలో ఉంటుంది, దొంగ పాపం దొంగ ఖాతాలో ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానిలో నుంచి తీసివేసే లెక్క లేదు.

మన దేశంలో నడిచేది మన దేశపు చట్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను కిందికి వస్తుంది. సొమ్ము విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషి అయినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ శిక్షగా ఉంటుంది. తప్పు చేసిన కుర్రవాడికి ఇది దయే. కాకపోతే పేదవాడి పాత సైకిలు ఎప్పుడూ ఆ 5,000 లోపే ఉంటుంది. దొంగసొమ్మని తెలిసి కొనేవాడికి 317వ సెక్షను ఉంది. బిల్లు లేకుండా సగం ధరకు సైకిలు వస్తోందంటే ఎక్కడి నుంచి వస్తోందో కొనేవాడి మనసుకు తెలియదా? ఆ కొనుగోలు ఉండబట్టే మస్జిదు ముందు సైకిళ్ళు మాయమవుతున్నాయి.

ఇక రెండో ప్రశ్న. తాళం వేయడం తోటివారిని అనుమానించడం కాదా?

ఆ శుక్రవారం సైకిలు కనబడకపోయేసరికి నా చుట్టూ జనం మూగారు. ఎవరైనా కనిపించారా అని అడిగారు. మస్జిదు ఎదురుగా ఒక పంక్చర్ దుకాణం ఉండేది, అందులో పన్నెండేళ్ళ అబ్బాయి పని చేసేవాడు. "నమాజు జరిగినంతసేపూ బయట ఉన్నది ఆ పిల్లాడొక్కడే" అన్నాను. నేను వాడిని దొంగ అనలేదు. ఆ ఒక్క వాక్యం అన్నాను. మిగిలింది జనం పూర్తి చేశారు. "నేను తియ్యలేదన్నా, నేను లోపల ట్యూబు చూస్తన్నానన్నా" అని వాడు నా వైపే చూస్తూ ఏడ్చాడు. సాయంత్రానికల్లా దుకాణదారు వాడిని పనిలోంచి తీసేశాడు.

అధికంగా అనుమానించడం మానుకోమని హుజురాత్ సూరా మనకు ఆజ్ఞాపిస్తోంది. నేను నమాజుకు వెళ్ళేముందు తాళం వేసి ఉంటే ఎవరిని అనుమానించినట్టు? ఎవరినీ కాదు. గొలుసుకు ముఖాలు తెలియవు. ధనికుడికీ, పేదవాడికీ, నాకు తెలిసినవాడికీ, తెలియనివాడికీ అది ఒకే విధంగా అడ్డం. తాళం వేయలేదు కాబట్టే, పోయిన తర్వాత నేను ఒక ముఖాన్ని వెతికాను. అందరిలో బలహీనమైన ముఖాన్ని ఎంచుకున్నాను.

మదీనాలో ఒకసారి కవచం దొంగతనం జరిగింది. దొంగిలించినవాడు ముస్లిముల్లో ఒకడు. దాన్ని ఒక యూదుని ఇంట దొరికేలా చేసి నేరం అతని మీదికి నెట్టారని, దొంగ బంధువులు అతని పక్షాన వాదించారని చాలామంది వ్యాఖ్యాతలు రాశారు. అప్పుడు నిసా సూరాలోని 105 నుంచి 113 వరకు ఆయతులు అవతరించి ఆ నిరపరాధిని కాపాడాయి. తన పాపాన్ని నిర్దోషి మీద మోపేవాడు ఎంత పెద్ద భారం మోస్తున్నాడో 112వ ఆయతు చెబుతుంది. నాది దొంగతనం కాదు, అజాగ్రత్త. అయినా దాని బరువును నేను దించుకున్నది ఒక పిల్లవాడి నెత్తిన.

కుర్రవాడికి మస్జిదు మెట్ల మీద నిలబడి ఇదంతా చెప్పలేకపోయాను. ఒంటె సంగతి మాత్రం చెప్పి, నా గొలుసు పొడవైనది కాబట్టి అస్ర్‌కు వస్తే ఇద్దరి సైకిళ్ళూ కలిపి కట్టుకుందామన్నాను. నవ్వి సరేనన్నాడు.

ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే దీనారులు, దిర్హములు పనికిరాని రోజు రాకముందే వారిచేత క్షమింపజేసుకోవాలని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. దర్జీ చాచా బాకీ తీరిన నెలలోనే నేను ఆ అబ్బాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. వాడిని విజయవాడ ఆటోనగర్‌లో ఏదో లారీ షెడ్డులో పనికి పెట్టామని, ఏ షెడ్డో తనకు తెలియదని చెప్పింది. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేకపోయాను. మళ్ళీ వెళ్ళేసరికి వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేశారు. సైకిలు ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ అబ్బాయికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఏ పని మీద ఆటోనగర్ వెళ్ళినా షెడ్ల ముందు ఆ వయసువాళ్ళ ముఖాలు చూస్తూ నడుస్తాను.